కూల్చకముందే కొలవండి

ఖిలా వరంగల్ నుంచి ఒక ఉపాధ్యాయుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి బయటపెట్టొద్దన్నారు. మట్టికోట లోపల వాళ్ల తాత కట్టిన పెంకుటిల్లు ఉంది. 240 గజాల జాగా. ముందు అరుగులు, పెద్ద దర్వాజ, నడుమ వాకిలి, చుట్టూ అర్రలు (గదులు). నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. 74 ఏళ్ల అవ్వ, అంటే అమ్మ, అందులో ఒక్కతే ఉంటోంది. ఈయన పిల్లల చదువుల కోసం హన్మకొండలో కిరాయికి ఉంటూ, దినం విడిచి దినం వెళ్లి చూసి వస్తున్నారు. పోయిన వానాకాలం వెనక అర్ర గోడ ఒకవైపు కూలింది. వంటర్ర మూడు చోట్ల కురుస్తోంది. వీధిలో సీసీ రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేయడంతో ఇల్లు పల్లమైపోయింది. పెద్ద వాన పడితే నీళ్లు కడప దాటి లోపలికొస్తున్నాయి.

కరీంనగర్‌లో బట్టల దుకాణం పెట్టి నష్టపోయిన తమ్ముడికి అప్పులున్నాయి. పాత ఇల్లు తీసేసి కింద స్తంభాల మీద ఖాళీ అంతస్తు (స్టిల్టు) వదిలి పైన మూడంతస్తులు కడతాను, చెరి సగం తీసుకుందాం అని ఒక బిల్డరు ముందుకొచ్చాడు. తమ్ముడు అన్నకు చెప్పకుండానే రెండు లక్షలు బయానా తీసుకుని కాగితం మీద సంతకం పెట్టాడు. జగిత్యాలలో ఉన్న చెల్లె "మీరిద్దరు ఏదంటే అదే" అంటోంది. అవ్వ మాత్రం "నా పానమున్నన్ని దినాలు ఒక్క పెంక గూడ తియ్యనియ్య" అని కూర్చుంది. పక్కింటివాళ్లు అనుమతి లేకుండా రెండంతస్తులు వేసుకున్నారు. నోటీసు వచ్చింది కానీ ఇల్లు అలాగే ఉంది. "వాళ్లనేం జేసిండ్రు? నువ్వు ఉద్యోగస్తునివి, నెల తిరిగితే జీతం. నాకేమున్నది?" అని తమ్ముడు అడిగాడట. ఉత్తరం చివర ఈయన రాసిన మాటలివి: "ఏటా పిల్లలను తీస్కపోయి కీర్తితోరణాలు చూపిస్త. కోటను కాపాడుకోవాలని పాఠం జెప్త. ఇంటికొస్తే ఆ కోట పేరు జెప్పి తమ్ముని కడుపు కొడుతున్ననా అనిపిస్తది. ఏం చెయ్యాలె?"

సార్,

కూలుతున్న ఇల్లు, అడ్డొస్తున్న చట్టం, తమ్ముడి అప్పు, మీ మనసులో గుచ్చుకుంటున్న ముల్లు... నాలుగూ ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఇంత వివరంగా రాసిన మీ ఉత్తరంలో ఒక్క అంకె మాత్రం లేదు. మీ జాగాకూ కోట రక్షిత సరిహద్దుకూ నడుమ ఎన్ని మీటర్లు? బిల్డరు చెప్పిన మూడంతస్తులు, తమ్ముడు లెక్కేసుకున్న వాటా, అవ్వ పట్టుదల, మీ దిగులు అన్నీ ఆ అంకె మీదే నిలబడాలి. అది తేలకుండా అన్నదమ్ములు ఎన్ని రాత్రులు కూర్చున్నా గాలిలో మూట కట్టినట్టే అవుతుంది.

చట్టం చెప్పేది ముందు చూద్దాం. కేంద్ర పురావస్తు శాఖ, అంటే ఏఎస్ఐ, చూసుకునే కట్టడాలకు 1958 నాటి చట్టం వర్తిస్తుంది. 2010లో దాన్ని సవరించి గట్టిచేశారు. రక్షిత సరిహద్దు నుంచి అన్ని దిక్కులా 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. అక్కడి నుంచి ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషేధితంలో కొత్త కట్టడం ఏదీ కుదరదు. నియంత్రితంలో కట్టుకోవచ్చు కానీ ముందు అనుమతి ఉండాలి.

లోపలి గోడ అయిన రాతికోట అడ్డుకొలత దాదాపు 1.2 కిలోమీటర్లు, దాని బయటి గోడ మట్టికోటది దాదాపు 2.4 కిలోమీటర్లు. ఈ లెక్కన రెండు గోడల నడుమ ఉన్న పట్టీ సుమారు 600 మీటర్లు. రాతికోట నుంచి బయటికి 300, మట్టికోట నుంచి లోపలికి 300 వేసుకోండి, పట్టీ మొత్తం అయిపోయింది. ఇది చేతిలెక్కే. అయినా మట్టికోట లోపల ఉన్న ఇల్లు నిషేధితంలోనో నియంత్రితంలోనో ఏదో ఒకదాంట్లో పడుతుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. మీది రెంటిలో ఏది అన్నదే ప్రశ్న.

చాలామంది కొలతలోనే తప్పు చేస్తారు. తోరణం నుంచి తమ దర్వాజ దాకా టేపు పట్టి "మాది 150 మీటర్లు, ఏం కాదు" అంటారు. కొలవాల్సింది తోరణం నుంచి కాదు. రక్షిత ప్రాంతం అంచులో మీకు అన్నిటికంటే దగ్గరున్న బిందువు నుంచి, మీ జాగాలో దానికి అన్నిటికంటే దగ్గరున్న మూల దాకా కొలవాలి. కోట గోడ బయట అగడ్త ఉంది. అది కూడా రక్షిత సరిహద్దులోకి వస్తే కొలత గోడ దగ్గర కాదు, అగడ్త అవతలి గట్టు దగ్గర మొదలవుతుంది. గోడ నుంచి 130 మీటర్లున్న ఇల్లు అలా 100 లోపలికి వచ్చేయొచ్చు. 100 మీటర్ల గీత మీ 240 గజాల నడుమ నుంచే పోయిందనుకోండి, కోట వైపున్న ముక్కలో కొత్తది లేవదు.

ఇస్రో సాయంతో జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ, అంటే ఎన్ఎంఏ, ఒక మొబైల్ యాప్ తెచ్చింది. ఇంటి ముందు నిలబడి చూస్తే ఏ పరిధిలో ఉన్నారో చూపిస్తుంది. ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. తమ్ముడి ముందు పెట్టడానికి మాత్రం కాగితం కావాలి. ఏఎస్ఐ హైదరాబాద్ సర్కిల్‌కు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. అందులో రెండే అడగండి: మీ సర్వే నంబరుకు దగ్గరలో ఉన్న రక్షిత సరిహద్దు పటం నకలు, మీ ఇంటి నంబరు నిషేధితంలోకి వస్తుందా నియంత్రితంలోకి వస్తుందా. పది ప్రశ్నలు గుప్పిస్తే తొమ్మిదింటికి "మా దగ్గర లేదు" అని రాసి పదోదాన్ని వదిలేస్తారు.

ఇక ఈ ఉత్తరంలో మీరు గట్టిగా పట్టుకోవాల్సిన మాట. మీ ఇల్లు 100 మీటర్ల లోపల ఉంటే, ఆ పాత గోడలే మీ హక్కు. నిషేధిత ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటిని అనుమతితో మరమ్మతు చేసుకోవచ్చు, బాగు చేసుకోవచ్చు. చట్టం ఇచ్చిన వెసులుబాటు అంతే. మరమ్మతు వేరు, కూల్చి మళ్లీ కట్టడం వేరు అని చట్టం విడివిడిగా నిర్వచించింది. అదే కొలతల్లో తిరిగి కట్టడాన్ని పునర్నిర్మాణం అంటారు, దానికి నియంత్రిత ప్రాంతంలోనే వీలుంది. అంటే నిషేధితంలో జేసీబీ దిగిన రోజున ఇల్లుతోపాటు మరమ్మతు హక్కూ పోతుంది. ఉన్న ఇంటినే కదా బాగు చేసుకునేది? ఇల్లే లేకపోయాక దేన్ని బాగు చేస్తారు? చేతిలో 240 గజాల ఖాళీ జాగా మిగులుతుంది, దాని మీద ఒక్క గది కూడా లేవదు. "ముందు సాఫ్ చేసి పెడదాం, పర్మిషన్ వెనక తెస్తా" అని బిల్డరు అనవచ్చు. అనుమతి రాకపోతే అతనికి పోయేది బయానా. మీకు పోయేది ఇల్లు.

మీ తమ్ముడితో మాట్లాడాల్సిన చోటు ఇదే. అతను లెక్కేసుకున్న వాటా మూడంతస్తుల మీద వచ్చింది. నిషేధిత ప్రాంతమైతే ఆ మూడంతస్తులు లేనే లేవు. లేనిదాంట్లో సగం కోసం మీ ఇద్దరూ మాటలు మానుకున్నారు. అతనికి ఇది నష్టంగా కనిపిస్తుంది, కోపం కూడా వస్తుంది. ఆ కోపం మీ మీద కాకుండా అంకె మీదికి పోవాలంటే, పటం కాగితాన్ని ఇద్దరూ కలిసే తెరవాలి. మీరొక్కరే తెచ్చి చూపిస్తే "అన్న రాయించుకొచ్చిండు" అంటాడు. దరఖాస్తు మీద అతని సంతకం కూడా పెట్టించండి.

నియంత్రిత ప్రాంతమని తేలితే దారి వేరే. అప్పుడు కొత్త ఇల్లు కట్టే అవకాశం నిజంగానే ఉంది, తమ్ముడి వాదనకూ బలం వస్తుంది. దరఖాస్తు సమర్థ అధికారికి, అంటే ఈ చట్టం కింద అనుమతులు ఇచ్చే అధికారికి, వెళ్తుంది. ఆయన 15 రోజుల్లో ఎన్ఎంఏకు పంపాలి. ఎన్ఎంఏ రెండు నెలల్లో సిఫార్సు చెప్పాలి. అది అందాక నెలలోపు అధికారి అవుననో కాదనో తేల్చాలి. కాదంటే మీ మాట విన్నాకే, రాతపూర్వకంగా చెప్పాలి. చట్టంలో ఇది మూడున్నర నెలల పని. ఆలస్యమయ్యేది ఎక్కువగా దరఖాస్తులోని లోపాల వల్లే: ఒక డ్రాయింగులో ఎత్తు ఒకటుండి ఇంకోదాంట్లో ఇంకోటుండటం, హక్కు పత్రం తాత పేరు మీదే ఉండటం, ఫొటోలు ముందు వైపువే ఉండటం. ఫైలు వెనక్కి వచ్చిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదలైనట్టే.

ఎత్తు దగ్గర జాగ్రత్త. అనుమతిలో రాసే ఎత్తు కప్పు దాకానే కాదు, మెట్లగది, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపిన ఎత్తు. బిల్డర్లు అంతస్తులు లెక్కపెట్టి చెప్తారు, ఎన్ఎంఏ మీటర్లు లెక్కపెడుతుంది. స్టిల్టు మీద మూడంతస్తులు అడిగితే రెండే రావచ్చు. అప్పుడు చెరి సగం అన్న ఒప్పందం బిల్డరుకు గిట్టుబాటు కాదు. నడుమలో వదిలేసి పోతాడు, లేదా అనుమతికి మించి లేపుతాడు. కాబట్టి ఆ దారిలో వెళ్లాలనుకుంటే ఒప్పందంలో రెండు మాటలు తప్పక రాయించండి: అనుమతి పత్రం చేతికి వచ్చేదాకా ఇల్లు ఖాళీ చేయడం గానీ కూల్చడం గానీ ఉండదు, అనుమతి వచ్చిన ఎత్తును బట్టే వాటాలు మళ్లీ లెక్కగడతారు. ఒప్పందం రిజిస్టరు కావాలి. తవ్వేటప్పుడు చెక్కిన రాళ్లో పాత ఇటుక కట్టో బయటపడితే పని ఆపి ఏఎస్ఐకి చెప్పాలని కూడా రాయించండి. ఖిలాలో అది వింతేమీ కాదు.

మునిసిపల్ అనుమతి వచ్చేసింది కదా అని బిల్డరు ఒక కాగితం చూపించవచ్చు. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం తర్వాత 500 చదరపు మీటర్ల లోపు జాగాల్లో 10 మీటర్ల ఎత్తు దాకా సొంత ధ్రువీకరణ మీదే అనుమతి దొరికే పద్ధతి వచ్చింది. మీ 240 గజాలు దాదాపు 200 చదరపు మీటర్లు. ఆ ధ్రువీకరణ మీద సంతకం మీది. అందులో తప్పు రాసినట్టు తేలితే అనుమతి రద్దవుతుంది, నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. పైగా మునిసిపాలిటీ కాగితం ఏఎస్ఐ అనుమతికి బదులు కాదు.

పక్కింటి సంగతి. వాళ్లకేమీ కాలేదు అన్నది ఇవాళ్టి మాట మాత్రమే. అనుమతి లేకుండా నిషేధిత, నియంత్రిత ప్రాంతాల్లో కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చట్టంలో ఉంది. నోటీసు వచ్చిన ఇంటికి బ్యాంకు రుణం ఇవ్వదు, కొనేవాడు రాడు, వచ్చినా ధర విరగ్గొడతాడు. అప్పు తీర్చుకోవడానికే కదా మీ తమ్ముడు కట్టాలంటున్నది? అమ్ముకోలేని ఇల్లు అప్పు తీర్చదు. మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి మీ మీద కేసు పడితే అది జీతం దాకా పోతుంది. జీతమూ ఆగిపోతే తమ్ముడికి ఆసరా అయ్యేదెవరు?

"చట్టం మారబోతోంది" అని కూడా ఎవరో చెప్పారని రాశారు. 2018 జనవరిలో ఒక సవరణ బిల్లు లోక్‌సభ దాటిన మాట నిజమే. రాజ్యసభలో అది సెలెక్ట్ కమిటీకి వెళ్లింది. అది కేంద్ర ప్రభుత్వం చేపట్టే ప్రజాపనుల కోసం తెచ్చిన బిల్లు. సొంత ఇళ్లకూ అపార్టుమెంట్లకూ దానితో పనిలేదు. దాన్ని నమ్ముకుని బయానాలు తీసుకోవద్దు.

ఇప్పుడు ఇల్లు నిలబెట్టుకునే దారి. అవ్వ కోరిక అదే అయినా, అది కోరికతో అయ్యే పని కాదు. ముందుగా 1992 జూన్ 16కు ముందు ఇల్లు ఉందని చూపించాలి. పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు కనెక్షను కాగితం, ఇంటి వర్ణన ఉన్న పాత దస్తావేజు పనికొస్తాయి. రసీదుల్లో ఉండేది పాత ఇంటి నంబరు, ఇప్పటిది వేరు. రెండూ ఒకటేనని కార్పొరేషన్ రెవెన్యూ విభాగం నుంచి ధ్రువీకరణ తెచ్చుకోండి. ఇది లేకే చాలా ఫైళ్లు ఆగుతాయి. దానికి లైసెన్సు ఉన్న ఇంజనీరు గీసిన ప్లాను, నిలువు కోత (సెక్షన్ డ్రాయింగు), నాలుగు వైపుల ఫొటోలు, చేయబోయే ప్రతి పని వివరం జోడించండి.

అవ్వకు మోకాళ్లు వంగక వాకిలి దాటి దొడ్డికి పోవడం కష్టమవుతోందని, బయట వైపు కొత్త బాత్రూం కట్టాలని రాశారు. నిషేధిత ప్రాంతంలో అది కుదరదు. ఉన్న గోడలకు అవతల ఇటుక పెడితే అది విస్తరణ, అంటే కొత్త నిర్మాణం కిందికే వస్తుంది. సామాన్లర్ర ఖాళీగానే ఉందంటున్నారు కాబట్టి దానిలోపలే బాత్రూం పెట్టమనండి, అది మరమ్మతు దరఖాస్తులో ఇమిడే పని. నీళ్ల పైపులు మట్టిగోడను తొలిచి వేయనియ్యకండి. గోడకు పైనుంచి బిగించాలి. లోపల పైపు కారినా రెండేళ్లదాకా బయటపడదు, అప్పటికి గోడ అడుగు మెత్తబడి ఉంటుంది.

వెనక అర్ర గోడ ఎందుకు జారిందో మీ మాటల్లోనే ఉంది. "పదేండ్ల కింద సిమెంటుతోటి గట్టిగ చేయించినం" అన్నారు. అక్కడే దెబ్బ తగిలింది. మట్టిగోడ, డంగు సున్నం గోడ నేల నుంచి తేమను పీల్చుకుని పైనుంచి ఆవిరిగా వదిలేస్తాయి. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోపలే పైకెక్కుతుంది, ఉప్పు తేలుతుంది, సిమెంటు పెచ్చు వెనక మట్టి పొడి అయిపోతుంది. పెచ్చు మాత్రం నిలబడే ఉంటుంది కాబట్టి కంటికి ఏమీ తెలియదు. రోడ్డు ఎత్తయి నీళ్లు లోపలికొచ్చేసరికి గోడ కాలు జారింది. మిగతా గోడల మీద కూడా వేలితో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సిమెంటు తీయించాలి, అదీ కింద మూడు నాలుగు అడుగులు ముందుగా. తీశాక వెంటనే పూయొద్దు, ఒక ఎండాకాలం ఆరనివ్వండి. తర్వాత సున్నం. సున్నం కనీసం 15 రోజులు నీళ్లలో నానాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక. పూత అర అంగుళానికి మించకుండా రెండు సార్లు వేయాలి, వారం పైన తడుపుతూ ఉండాలి. కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపే పద్ధతి తెలిసిన పాత మేస్త్రీలు ఇంకా ఉన్నారు. పైన సున్నమే వేయండి. పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే మళ్లీ సిమెంటు కథే.

కప్పు విషయంలో పెంకులకంటే ముందు దంతెల (కప్పును మోసే దూలాల) కొనలు చూడాలి. గోడలో దిగిన చోటే చెద పట్టేది, కుళ్లేది. స్క్రూడ్రైవరుతో గుచ్చండి. అర అంగుళం దాటి సులువుగా దిగితే ఆ కొన పోయినట్టే. మొత్తం దంతె మార్చక్కర్లేదు. మంచి చెక్క వచ్చేదాకా కోసి, పాత టేకు ముక్కను సగానికి సగం చెక్కి అతికి, బోల్టులు బిగించవచ్చు. అతుకు పొడవు దంతె మందానికి మూడింతలైనా ఉండాలి. గోడలో పెట్టేటప్పుడు కొన చుట్టూ అంగుళం గాలి వదలండి. మేస్త్రీ అక్కడ సిమెంటు నింపుతానంటే ఒప్పుకోకండి. నీళ్లు కడప దాటకుండా అరుగు ముందు వాలుగా రాతిగచ్చు, దాని వెంట కాలువ కావాలి. లోపల నేలకు టైల్స్ పరిపించాలన్న మరదలి ఆలోచన మానుకోవడమే మేలు. నేల ఊపిరి ఆడకపోతే ఆ తేమంతా గోడలకు పోతుంది.

ఇంటికి ఇంత చేసినా తమ్ముడి అప్పు అప్పుగానే ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి ఇల్లు కాపాడదాం అంటే అది న్యాయం కాదు. మీ మనసులో గుచ్చుకుంటున్నది కూడా అదేననుకుంటాను.

తాతల ఆస్తిలో కొడుకులతోపాటు కూతురికీ సమాన వాటా ఉంది, 2005 సవరణ తర్వాత అందులో సందేహం లేదు. అవ్వకూ వాటా ఉంది. కాబట్టి తమ్ముడు ఒక్కడే పెట్టిన సంతకంతో మొత్తం ఇల్లు బిల్డరుకు పోదు. అయినా ఆ రెండు లక్షలు మెడకు ఉచ్చులా ఉంటాయి. ఎంత తొందరగా తిరిగిస్తే అంత మంచిది. బ్యాంకు ద్వారా ఇవ్వండి, పాత కాగితం రద్దయిందని రాయించుకోండి. అది మీరే కట్టగలిగితే కట్టండి. వాటాలో పట్టుకుంటానని ఆ రోజే అనకండి. ఆ మాట తర్వాతైనా అనుకోవచ్చు.

వాటా విడిపించాలంటే మీరు గానీ చెల్లె గానీ తమ్ముడి భాగం కొనుక్కుని, హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించుకోవచ్చు. ధర ఎంత అన్నదే గొడవ. నిషేధిత ప్రాంతమైతే మూడంతస్తుల ధర అడగలేడు. అలాగని "కట్టుకోరాని జాగా, దేనికీ పనికిరాదు" అని మీరూ తగ్గించలేరు. ఆ వీధిలోనే పాత ఇళ్లు ఎంతకు చేతులు మారాయో రిజిస్ట్రార్ ఆఫీసులో చూసి, మూడింటి సగటు తీసుకోండి. డబ్బు ఒక్కసారి లేకపోతే వాయిదాలు రాసుకోండి, ఒక వాయిదా తప్పితే ఏమవుతుందో కూడా రాసుకోండి. ఈ దారిలో ఇల్లు నిలుస్తుంది, తమ్ముడికి చేతికి డబ్బు వస్తుంది. భారం మాత్రం మీ జీతం మీద పడుతుంది, పిల్లల చదువుల నడుమ. ఇంట్లో మీ ఆవిడతో మాట్లాడకుండా మాట ఇవ్వకండి.

ఇంకోటి కూడా ఉంది. తమ్ముడికి బట్టల వ్యాపారం తెలుసు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీ వీధి కోట చూడవచ్చేవాళ్లు నడిచే దారిలో ఉంటే, అరుగు వెనకున్న ముందు అర్రలో చిన్న దుకాణం పెట్టవచ్చు. గోడ కదపకుండా అయ్యే పని. ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి, కరెంటు మీటరు కమర్షియల్‌కు మారుతుంది, ఇంటి పన్ను పెరుగుతుంది. దీనితో అప్పులన్నీ తీరవు. మనిషి మళ్లీ నిలదొక్కుకోవడానికి ఆసరా అవుతుంది, అవ్వ పక్కన ఒక కొడుకు ఉన్నట్టూ అవుతుంది. మీ వీధి పర్యాటకుల దారిలో లేకపోతే ఈ మాట వదిలేయండి.

మాటలు కుదరకపోతే కోర్టు దావాకు పోకముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వానికి వెళ్లండి. అక్కడ కుదిరిన రాజీ లోక్ అదాలత్ అవార్డుగా వస్తే సివిల్ కోర్టు డిక్రీతో సమానం. పంపకాల దావా వేస్తే ఎన్నేళ్లు నడుస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. అన్నేళ్లూ ఆ ఇంటి మీద ఎవరూ పెంకు తిరగేయరు.

మీ ప్రశ్నకు వస్తాను. కోట పేరు చెప్పి మీరు తమ్ముడి కడుపు కొట్టడం లేదు. చట్టాన్ని మీరు రాయలేదు, అంకెను మీరు మార్చలేరు. కానీ ఖిలాలో కాపురముంటున్న జనం భారం మోస్తున్న మాట నిజం. తోరణం రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది, తోరణం పక్క ఇంట్లో ముసలావిడ బాత్రూంకు అనుమతి కోసం నెలలు ఆగాలి. ఇది చెప్పడానికి ఒక చోటు ఉంది. ప్రతి రక్షిత కట్టడానికీ విడిగా ఉపనియమాలు రాయాలని 2010 సవరణలో ఉంది. ముసాయిదా మీద జనం అభిప్రాయాలు తీసుకుంటారు. మీ వార్డు వాళ్లు పది ఇరవై మంది కలిసి, మరుగుదొడ్లు, కప్పు మరమ్మతులు, పల్లమైన ఇళ్లకు కాలువలు, వీటికి సులువైన పద్ధతి పెట్టమని ఎన్ఎంఏకు రాయవచ్చు. సాంఘికశాస్త్రం సారు రాస్తే ఆ అర్జీ బాగుంటుంది. బడిలో పిల్లలకు కోట చూపించేటప్పుడు ఆ అర్జీ కూడా చూపించండి.

మిరుగం, అంటే వానలు మొదలయ్యే మృగశిర కార్తె, జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. దరఖాస్తు ఫిబ్రవరిలో పడితేనే అప్పటికి జవాబు చేతికొచ్చే వీలుంది. ఈలోపు వెనక అర్ర కప్పు కింద కర్రలతో పోటు పెట్టించి, పైన తాటిపత్రి (టార్పాలిన్) కప్పించండి. పెంకులు సర్దడం లాంటి చిన్న పనికైనా ఏఎస్ఐ స్థానిక సిబ్బందికి ముందుగా కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కూలిన గోడను కదిలించకముందే టేపు పట్టి, తేదీ పడేలా, పొడవు ఎత్తు మందం కనిపించేలా ఫొటోలు తీయండి. అక్కడ గోడ ఉండేదని చెప్పడానికి రేపు అవే సాక్ష్యం. కింద పడిన మట్టిని ట్రాక్టరుకెత్తి పారబోయించకండి. సిమెంటు పెచ్చులు ఏరేసి, జల్లెడ పట్టి, ఒక మూలకు పోసి కప్పి ఉంచండి. గడ్డి కలిపి నానబెట్టి తొక్కిస్తే అదే మట్టి మళ్లీ ఆ గోడకు పనికొస్తుంది.